నేను గీయని వలయం

నేను దేవుణ్ని నమ్మను. ఈ మాట సభల్లో చెప్పాను, చాయ్ హోటళ్లలో చెప్పాను, ఒకసారి బంధువుల పెళ్లి పందిట్లో చెప్పి నా విస్తరిలోకి రెండో వడ్డన రాకుండా కూడా చేసుకున్నాను. అలాంటి నేను, తాండూరులోని నా ఫ్లెక్సీ దుకాణంలో కూర్చుని, నా సొంత చేతులతో ఒక దేవతను తయారుచేశాను. పది అడుగుల ఎత్తు దేవత. తల చుట్టూ వెలుగు, ఎత్తిన అరచెయ్యి, వేళ్ల చివర రాలుతున్న అక్షింతలు. నెల తిరగకముందే ఆమె ముందు కొబ్బరికాయలు పగిలాయి.

కంప్యూటర్ మీద బొమ్మలు గీసే కొత్త తరం పిల్లలు కనిపించినప్పుడల్లా నన్ను ఒకటే అడుగుతారు: "సార్, వెక్టర్ మంచిదా, రాస్టర్ మంచిదా?" ఆ ప్రశ్నే తప్పు! కొడవలి మంచిదా, చేట మంచిదా అని ఏ రైతైనా అడుగుతాడా? కోతకు కొడవలి, చెరగడానికి చేట. ఏది మంచిదో తర్వాత చూద్దాం. ఏది ఎలా అబద్ధం చెబుతుందో ముందు తెలుసుకోండి. నేను అది తెలుసుకున్నది పుస్తకంలో కాదు, దౌల్తాబాద్ దారిలో ఉన్న ఒక ఊరి నడిబజారులో, వందమంది ముందు పరువు పోగొట్టుకుని.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. రాస్టర్ అంటే నేల మీద కందిపప్పు పేర్చి చేసిన బొమ్మ. ఫోటోలన్నీ అంతే. పప్పు ఎంత ఉందో బొమ్మ అంతే. పిడికెడు పప్పుతో పేర్చిన బొమ్మను వాకిలంత చేయాలంటే కంప్యూటర్ లేని పప్పును ఊహించి పోస్తుంది. ఆ ఊహే మనకు మసకగా, మచ్చలుగా కనిపిస్తుంది. వెక్టర్ అంటే ముగ్గు వేసే ఆమె చేతిలో ఉన్న నడక. ఇక్కడ మొదలు, ఇటు వంపు, అక్కడ ఆగు. ఆ నడక తెలిస్తే గడప మీదా వేయొచ్చు, వీధంతా వేయొచ్చు. గీత చెదరదు.

నాకు పని నేర్పింది వికారాబాద్‌లో ఒక బోర్డుల పెయింటర్. కంప్యూటర్ ముఖం చూడకుండానే పోయాడు. నిచ్చెన మీద నిలబడి ఒక్క అక్షరం వంపు తప్పితే బోర్డంతా తుడిచి మళ్లీ రాసేవాడు. నేను విసుక్కుంటే కిందికి చూడకుండానే అనేవాడు: "రంగు కారితే వానను తిట్టొచ్చు బేటా. గీత గీసినవంటే మాత్రం దానికి నువ్వే జిమ్మేదార్." బాధ్యత గురించిన ఆ మాట విలువ నాకు ముప్పై ఏళ్ల తర్వాత తెలిసింది. మంచి మాటలకు మన బుర్రలోకి రావడానికి ఎప్పుడూ తొందర ఉండదు.

ఇక అసలు సంగతి. ఒకరోజు మధ్యాహ్నం ఆ ఊరి నుంచి ఇద్దరు మనుషులు వచ్చారు. వాళ్ల ఊరి ఆశా వర్కర్ చనిపోయింది. ఊరంతా ఆశమ్మ అని పిలుచుకునే మనిషి. మరుసటి రోజు దినాలు, పొద్దున్నే నడిబజారులో ఫ్లెక్సీ కట్టాలి. మా వైపు ఇది కొత్త ఆచారం, కానీ పాత ఆచారాలకన్నా గట్టిది. మనిషి బతికుండగా చేసిన మర్యాద ఎంతైనా, పోయాక ఫ్లెక్సీ మాత్రం పక్క ఊరి ఫ్లెక్సీ కన్నా పెద్దది కావాలి.

"ఫోటో ఏదన్నా?" అంటే ఫోన్‌లో చూపించారు. పది చేతులు మారి వచ్చిన గుంపు ఫోటో. బడి వరండాలో ఆరోగ్య సిబ్బంది వరసగా నిలబడ్డారు. ఆశమ్మ ముఖం కందిగింజంత ఉంది. ఆమె కెమెరా వైపు కాక పక్కకు చూస్తోంది, కుడిచెయ్యి ఎత్తి ఉంది.

నిజాయితీ ఉన్నవాడైతే ఏం చేయాలి? "ఈ ఫోటో ఇంత పెద్దగా రాదు. చిన్న ఫ్లెక్సీ చేస్తాను, లేదా పూట టైమివ్వండి, గీతలతో బొమ్మ గీస్తాను" అనాలి. నేను అనలేదు. ఆమెను కత్తిరించి విడదీశాను, పది అడుగులకు లాగాను. మసక వచ్చింది. మసక పోవడానికి, అంచులకు పదును పెట్టే షార్ప్ కొట్టాను. చాలలేదు. మళ్లీ కొట్టాను. మూడోసారి కొట్టాను. ఈ పనిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు, అన్నంలో ఉప్పు చాలలేదని మూడుసార్లు వేసినట్టు! నల్లటి జుట్టుకూ తెల్లటి గోడకూ మధ్య అంచు కాలినట్టయి, తల చుట్టూ ఒక తెల్లని వలయం లేచింది. వేళ్ల దగ్గర ఫోటోలోని చెత్త చుక్కలన్నీ పసుపుగా, ఎర్రగా తేలాయి.

నా దగ్గర కంప్యూటర్ చూసే అమ్మాయి కన్నడం కలిసిన తెలుగు మాట్లాడుతుంది, 'చూడండి' అనడానికి 'నోడ్రి' అంటుంది. పక్క సీట్లోంచి మెడ చాచి చూసింది.

"సార్, మొఖం సుట్టు తెల్లగ వస్తున్నది నోడ్రి."

"వస్తే రానియ్యమ్మా. దూరం నుంచి ఎవరు చూస్తరు?"

"దూరం నుంచి సూడనీకే గద సార్ ఫ్లెక్సీ కట్టేది?"

ఆ ప్రశ్న విననట్టు గడియారం చూశాను. ప్రింట్ కొట్టమన్నాను.

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు దుకాణంలోకి బస్ కండక్టర్ యూనిఫాంలో ఒక యువతి వచ్చింది. టికెట్ల మిషన్ ఇంకా మెడలోనే ఉంది. నిండు బస్సులో వెనక సీటుదాకా వినిపించే గొంతు.

"దౌల్తాబాద్ దిక్కు ఆశమ్మ ఫ్లెక్సీ కొట్టింది నువ్వేనా సార్?"

"నేనే అమ్మా. ఏం, బాగా రాలేదా?"

"మస్తుగొచ్చింది. మా అమ్మను దేవతను జేసినవ్."

పొగడ్త అనుకుని నవ్వబోయాను. ఆమె ముఖం చూసి ఆగిపోయాను.

"మా అమ్మ ఇరవై ఏండ్లు ఊరందరిని చెయ్యి వట్టి దవాఖానకు గుంజుకపోయింది సార్. జరమొస్తే దవాఖాన, కడుపొస్తే దవాఖాన, పాము కరిస్తే దవాఖాన. గిప్పుడేమో దవాఖానకు పోవుడు బంద్ వెట్టి ఆమె ఫ్లెక్సీ ముంగట కూసుంటున్నరు. తలకాయ సుట్టు ఎలుగొచ్చిందంట, చేతులకెల్లి అచ్చింతలు రాలుతున్నయంట!"

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మా ఊర్ల గొర్లు కాసే కాకను కుక్క కరిచింది. రెండు సూదులు ఏస్కున్నడు. మూడోది ఎల్లుండి. ఏస్కోనంటున్నడు. 'మీ అమ్మ చెయ్యెత్తి అభయమిచ్చింది, నాకేం ఫికర్ లేదు' అంటున్నడు. కుక్క పిచ్చి ఒక్కసారి లేసిందంటే లోకంల మందు లేదు సార్. ఆ మాట ఊరికి చెప్పిందే మా అమ్మ!"

"ఫ్లెక్సీ తీసేయరాదా?"

"తీస్తనంటే ఆడోల్లు అడ్డం నిలవడ్డరు. బిడ్డవై ఉండి గట్లంటవా అని నన్నే తిట్టిండ్రు. నువ్వు పుట్టిచ్చినవ్, నువ్వే వచ్చి చెప్పాలె."

చెప్పకపోతే నేను ఇన్నేళ్లు చేసిన ఉపన్యాసాలెందుకు? బాబాల గుట్టు విప్పాను, గాల్లోంచి బూడిద తీసి చూపించాను. ఇప్పుడు నా బూడిద నేనే విప్పాలి. ఒంట్లో కొత్త రక్తం పరుగెత్తింది. ఇలాంటి వాదం కోసమే జీవితమంతా ఎదురుచూసినట్టు అనిపించింది! ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిందన్న భయం దాని కింద ఉంది. కానీ పైన ఉన్నది ఉత్సాహమే. దాచను.

మర్నాడంతా కొత్త ఫ్లెక్సీ తయారుచేశాను. ఈసారి వెక్టర్! వలయం లేని, మచ్చల్లేని ఆశమ్మ బొమ్మతో పాతదాన్ని మార్చేస్తే సగం మూఢనమ్మకం అక్కడే కూలుతుందని నా లెక్క. చేత్తో గీయడానికి టైమ్ లేదు. మా కంప్యూటర్ అమ్మాయి ఆ రోజు సెలవు. ఫోటోను గీతలుగా మార్చే బటన్ ఒకటుంది కదా, ట్రేస్! పాత ఫ్లెక్సీ బొమ్మనే తెరిచి నొక్కాను. క్షణంలో బొమ్మంతా నున్నటి గీతలైంది. తెల్లటి నేపథ్యం మీద ఎంతో శుభ్రంగా కనిపించింది. మరీ బోసిగా ఉందని చివరి నిమిషంలో నేపథ్యం నీలం చేసి నేరుగా ప్రింట్‌కు పంపాను. చుట్ట చుట్టి చంకన పెట్టుకున్నాను.

మూడో సూది రోజు పొద్దున్నే లాప్‌టాప్ సంచి కూడా తగిలించుకుని తాండూరులో బస్సెక్కి కొడంగల్‌లో దిగాను. కండక్టర్ అమ్మాయి డ్యూటీకి సెలవు పెట్టి నా కోసం ఆటోతో నిలబడి ఉంది. ఊళ్లోకి వెళ్లేసరికి నడిబజారులో జనం. దేవత కళ్లు ఎక్కడో దూరంగా చూస్తున్నాయి. కింద కుంకుమ, పూలు, కొబ్బరి చిప్పలు. ఆ చిప్పల పక్కనే, పిక్కకు కట్టు కట్టుకుని, గొంగడి పరుచుకుని గొర్రెల కాపరి దర్జాగా కూర్చున్నాడు.

పంచాయతీ అరుగెక్కి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆ వలయం దైవం కాదు, నా తప్పు అన్నాను. ఫోటో చాలక లాగాను, లాగితే మసకైతే మూడుసార్లు షార్ప్ కొట్టాను, ఇదిగో అసలు బొమ్మ, అంటూ నాటకీయంగా కొత్త ఫ్లెక్సీ విప్పాను.

నీలాకాశం మీద, ఆశమ్మ తల చుట్టూ, వెండి కడియంలా ధగధగమంటూ వలయం!

ఎక్కడికీ పోలేదు. తెల్లటి నేపథ్యం మీద నాకు కనిపించలేదంతే. ట్రేస్ బటన్‌కు ఏది వెలుగో ఏది పొరపాటో ఏం తెలుసు? ఉన్న అంచునల్లా నమ్మకంగా గీత చేసింది. పాతదాంట్లో మసకగా ఉన్న అబద్ధాన్ని కొత్తదాంట్లో కత్తితో కోసినంత స్పష్టంగా చేసింది. పిల్లలూ, ఇది రాసుకోండి: వెక్టర్ చేసినంత మాత్రాన అబద్ధం నిజం కాదు. నున్నటి అంచులున్న అబద్ధం అవుతుంది.

ఒక ముసలమ్మ రెండు చేతులూ జోడించింది. "సూసిన్రా! ఎలుగు ఇంకింత వెరిగింది!"

గొర్రెల కాపరి నా వైపు జాలిగా చూశాడు. "కూసో సార్. నీ చేతులతోని ఆమే జేపిస్తున్నది. నీకే తెల్వదు."

వాదంలో ఇంతకన్నా ఘోరంగా ఎప్పుడూ ఓడలేదు. కానీ వెనక్కి తగ్గే రకాన్ని కాను. గోడ పక్కన ఒక బర్రె కట్టేసి ఉంది. ఫోన్‌తో దాని ఫోటో తీశాను, లాప్‌టాప్‌లోకి ఎక్కించాను, వేలెడంత చేశాను, మళ్లీ లాగాను, షార్ప్ కొట్టాను. ఒకటి. రెండు. మూడు. కొమ్ముల చుట్టూ తెల్లటి వెలుగు లేచింది. లాప్‌టాప్ తిప్పి అందరికీ చూపించాను. "ఇప్పుడు చెప్పండి, ఇది కూడా దేవతేనా?"

బజారంతా గొల్లున నవ్వింది. గెలిచాననుకున్నాను. ముసలమ్మ మాత్రం నవ్వలేదు.

"బర్రెల లచ్చిమి ఉండదా సార్? గంత సదువుకున్నవ్, గది తెల్వదా?"

బర్రె యజమాని అప్పుడే దానికి దండం పెట్టేసుకున్నాడు.

ఎండ ఎక్కుతోంది. కొడంగల్ దవాఖానలో సూదులు వేసే వేళ దాటిపోతే ఇక ఆ రోజుకు లేనట్టే. కండక్టర్ అమ్మాయి కాపరి పాదాల దగ్గరికి వంగింది. "కాకా, నీ కాళ్లు మొక్కుత, నడువు." ఆయన గొంగడి ఇంకాస్త సర్దుకున్నాడు.

అప్పుడామె సంచిలోంచి ఒక పాత ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. "మా అమ్మది సార్. ఆ ఫోటో దీంట్ల ఉన్నది. చేతులు మారంది. ఏమన్న పనికొస్తదా?"

నేను ఎన్నడూ అసలు ఫోటో అడగలేదు! ఇన్నేళ్ల పనివాణ్ని, ఇంత పెద్ద ప్రశ్నలు అడిగేవాణ్ని, ఈ చిన్న ప్రశ్న అడగలేదు. వైరు పెట్టి లాప్‌టాప్‌లో తెరిచాను. నాకు వచ్చినదానిలో పిడికెడు పప్పుంటే ఇందులో బస్తా ఉంది. దగ్గరికి లాగాను. ఇంకా లాగాను. చెదరలేదు. ఆశమ్మ ముఖం చుట్టూ ఏ వెలుగూ లేదు. వేళ్ల దగ్గర అక్షింతలు లేవు. కనుబొమలు ముడిపడి ఉన్నాయి, నోరు తెరిచి ఉంది. ఆశీర్వదించడం లేదు. ఎవరినో కేకేస్తోంది!

ఎవరిని? ఆమె చూపు వెంట కుడివైపుకు జరిపాను. నేను కత్తిరించి పారేసిన వైపది. అప్పుడు నాకొచ్చిన ఫోటోలో అక్కడ ఒక నల్ల మరక మాత్రమే ఉండింది, అక్కర్లేదని తీసేశాను. ఇప్పుడా మరక మనిషైంది. బడి గేటు దాటి పారిపోతున్న మనిషి వీపు. భుజం మీద నల్ల గొంగడి. వెనకాల ఊడిపోయిన ఒక చెప్పు.

లాప్‌టాప్ చుట్టూ తలలు మూగాయి. అందరికన్నా ముందు ముసలమ్మే పట్టేసింది.

"ఓరి నీ! గది నీ గొంగడే గదరా!"

"గొంగడి ఊర్ల ఎవనికి లేదే?" అన్నాడు కాపరి.

"అంచుకు ఎర్ర దారం ఎవనికున్నది? నీ పెండ్లాం కుట్టింది గాదు? సూదులేసెటోల్లు బడికొచ్చిన్నాడు ఉరికినోడివి నువ్వొక్కనివే!"

ఈసారి నవ్వు నా బర్రెకొచ్చిన నవ్వు కాదు. ఊరు తన మనిషిని పట్టుకున్న నవ్వు. కాపరి లేచి వచ్చాడు. తెర దగ్గరికి వంగి తన వీపును తానే చూసుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు:

"'ఆగురా, సూది ఏస్కోని పో' అని ఒర్రింది. నేను ఆగలే. తెల్లారి ఇంటికొచ్చి, తలుపుకాడ కూసోని, ఏపిచ్చిన్నంకనే లేచింది."

కండక్టర్ అమ్మాయి అతని పక్కన నిలబడింది. "మా అమ్మ ఆ చెయ్యి ఇంక దించలే కాకా."

ఆయన తల తిప్పి పది అడుగుల ఫ్లెక్సీ మీది అరచేతిని చూశాడు. అంతే. గొంగడి దులిపి భుజాన వేసుకున్నాడు. "ఆటోల జాగ ఉన్నదా బిడ్డా?" అన్నాడు. కొబ్బరి చిప్పల మధ్య చెప్పులు వెతుక్కుంటుంటే ముసలమ్మ అరిచింది: "ఈసారన్న రెండు దొడుక్కొని ఉరుకు!"

ఆ రోజు సూది పడింది. ఆ ఆటోలో మా ముగ్గురితో పాటు జ్వరంతో ఉన్న ఇంకో ఇద్దరు ఎక్కారు.

తిరుగు ప్రయాణంలో నాకు కూర్చోబుద్ధి కాలేదు. నా ఉపన్యాసం గెలవలేదు, నా బర్రె గెలవలేదు. గెలిచింది ఒక ఫోటో. ఎవరూ అనుకోకుండా అంచున పడ్డ ఒక గొంగడి. రాస్టర్ బలం అదే! మనం చూడనిదాన్ని కూడా అది పట్టుకుని ఉంచుతుంది. సాక్ష్యం కావాలంటే ఫోటో కావాలి, అదీ కత్తిరించనిది, లాగనిది, ఊహ కలపనిది. జీవితమంతా సాక్ష్యం, సాక్ష్యం అని అరిచినవాణ్ని, నా చేతికొచ్చిన సాక్ష్యాన్ని నేనే కత్తిరించి చెత్తలో వేశాను. మూఢనమ్మకం ఆ ఊళ్లో పుట్టలేదు. తాండూరులో, నా కుర్చీలో పుట్టింది.

దుకాణంలో మా కంప్యూటర్ అమ్మాయికి అంతా చెప్పాను. వలయం సంగతి ముందే చెప్పానని గుర్తుచేస్తుందేమో అనుకున్నాను. ఆమె అనలేదు. ఖాళీ పేజీ తెరిచి, "ఈసారి చేత్తో గీద్దాం సార్, ఒక్కొక్క గీత" అంది. ఊరి గుర్తుగా ఆశమ్మ బొమ్మ ఒకటి తాండూరు బండ మీద చెక్కించాలని కండక్టర్ అమ్మాయి కోరిక. బండను కోసే మిషన్‌కు ఫోటో ఇస్తే దానికి ఉలి ఎక్కడ పెట్టాలో తెలియదు. దానికి గీత కావాలి. మొదలు, వంపు, ఆగు.

మేం గీసిన మొదటి బొమ్మ, నవ్వుతూ ఎదురుగా చూస్తున్న ఆశమ్మ. ఊళ్లో ఆడవాళ్లకు చూపిస్తే మొహం చిట్లించారు.

"గీమె ఎవరు?"

"ఆశమ్మే కదా!"

"ఆశమ్మ గిట్ల నిలవడి నవ్వింది మేమెన్నడు సూడలే. ఆమె ముంగట నడుస్తది. ఎనుకకు మల్లి ఒర్రుతది. అంతే."

మా కంప్యూటర్ అమ్మాయీ నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. ముఖం తీసేశాం. వీపు గీశాం. భుజానికి సంచి, విసురుగా పడుతున్న అడుగు, వెనక్కి తిరగబోతున్న తల, వెనక్కి చాచి పిలుస్తున్న చెయ్యి. పదిహేడు గీతలు. ఒక్కటి కూడా బటన్ నొక్కితే వచ్చింది కాదు. ప్రతి గీత దగ్గరా ఆగి, ఇది ఆమెదా, మనం కలిపిందా అని అడిగాం. మా వికారాబాద్ పెయింటర్ నిచ్చెన మీద ఎందుకంత సేపు నిలబడేవాడో ఆ వారంలో తెలిసింది. ఫోటోలో పొరపాటుకు కెమెరాను, వెలుతురును, ఫోన్‌ను, ఎవరినైనా తిట్టొచ్చు. గీతకు తిట్టడానికి ఎవరూ లేరు.

ఆ పదిహేడు గీతలే మనిషెత్తు బండ మీద పడ్డాయి. అవే గీతలు గోటంత చేసి సూదుల కార్డుల అట్ట మీద అచ్చు వేశాం. ఎక్కడా చెదరలేదు, ఎక్కడా వెలుగు రాలేదు. బండను బజారులో కాక బస్సాగే చోట నిలబెట్టారు, ఆమె కొడంగల్ వైపు నడుస్తున్నట్టు. పాత ఫ్లెక్సీని ఆడవాళ్లే విప్పుకుపోయారు. వాన మబ్బు కనిపించిన రోజు చూశాను, అది కందుల కుప్ప మీద కప్పి ఉంది. దేవత చేసిన పనుల్లో అదొక్కటే నాకు నచ్చింది.

ఆ దుకాణం ఇప్పుడు మా కంప్యూటర్ అమ్మాయిదే. నేను అప్పుడప్పుడూ వెళ్లి, అడక్కపోయినా సలహా చెప్పి చాయ్ తాగి వస్తాను.

ఆ రోజుల్లోనే, గొర్రెల కాపరి చివరి సూది రోజున, నేను ఆ బండ దగ్గరే ఉన్నాను. ఆయన కట్టు లేకుండా, రెండు చెప్పులతో వచ్చాడు. బొమ్మ ముందుకు వెళ్లి ముఖం చూద్దామని అటు తిరిగాడు. అటు నున్నటి బండే. మళ్లీ ఇటు వచ్చి ఆ వీపును, ఆ చేతిని కాసేపు చూశాడు. మొక్కుతాడేమోనని నేను ఒక అడుగు ముందుకు వేశాను.

"మొఖం లేకుంటేంది సార్," అన్నాడు, "తిడుతున్నట్టే ఉన్నది."

బస్సొచ్చింది. నాకంటే ముందు ఆయనే ఎక్కాడు.